గుడ్డికొంగయు కెమెరాకన్నును

మన పాఠశాలకు సమీపముననున్న బకింగ్‌హాం కాలువ గట్టుపై ఏ ఉదయమున నడచినను ఒక పక్షి కనబడును. మట్టిరంగు వీపు, గీతల మెడ, పచ్చని కాళ్ళు. తలను భుజములలోనికి ముడుచుకొని, చలిలో దుప్పటి కప్పుకొన్న ముసలివానివలె నీటియంచున నిలిచియుండును. మనవారు దానిని గుడ్డికొంగ యందురు. తమిళులును దానిని కురుట్టుకొక్కు అనియే పిలుతురు. ఆ మాటకును అర్థమదియే. రెండు భాషలవారును ఏకమై గుడ్డిదని ముద్రవేసిన ఈ పక్షికి నిజమునకు చూపు తక్కువ కాదు. నీటిలో మెదలు చిన్న చేపను రెప్పపాటున పట్టగల కన్నులు దానివి. మరి ఆ పేరెట్లు వచ్చెను? మనుష్యుడు మిక్కిలి సమీపమునకు వచ్చువరకు అది కదలదు. మట్టిలో మట్టివలె కలిసిపోయిన తన రంగును నమ్ముకొని నిలుచును. ఇక నిలుచుట ప్రాణాపాయమని తోచినప్పుడు రెక్కలు విప్పును. అంతవరకు మట్టిముద్దవలె నున్నది తెల్లని పువ్వువలె లేచిపోవును. అది కదలలేదు గనుక మనలను చూడలేదని మన పూర్వులు తలచిరి. అది మనలను చూచుచునే యుండెను. దాని భయమును మనమే చూడలేదు.

ఈ కొంగ కథను చెప్పుటకు కారణము కలదు. అడవిపక్షులను దూరమునుండి పటము తీయు పెద్ద కటకముల కెమెరాలు ఇప్పుడు విస్తారమైనవి. శీతకాలపు సెలవుదినమున పులికాటు సరస్సు ఒడ్డునగాని, వేడంతాంగల్ చెరువుకట్టమీదగాని, పళ్ళికరణై చిత్తడినేల యంచునగాని చూచితిరేని, ఫిరంగి గొట్టములవంటి కటకములు ధరించినవారు కనబడుదురు. ఈ వేడుక మంచిదా, చెడ్డదా? మన పిల్లలు దీనిని నేర్చుకొనవచ్చునా? నా అభిప్రాయమును ముందుగనే చెప్పుచున్నాను. ఇది మంచి విద్య. కాని ఈ విద్యకు ఒక్క నియమము ప్రాణము. పటము తీయుటకు ముందు పక్షి ఏ పని చేయుచుండెనో, తీసిన పిదపను ఆ పనియే చేయుచుండవలెను. ఈ నియమము తప్పిన పటము ఎంత అందమైనదైనను దానిని మెచ్చుకొనరాదు, అచ్చువేయరాదు, గోడకు తగిలింపరాదు.

నేను ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను. ఆ దినములలో సెలవులకు చెన్నపట్టణము వచ్చునపుడు రైలు సూళ్ళూరుపేట, తడ దాటుచుండగా కిటికీనుండి కొంగలబారులను చూచి ఆనందించుచుండెడివాడను. మన పెద్దలు ప్రళయకావేరి యని పిలిచిన పులికాటు సరస్సు అచ్చటనే యున్నది. భారతదేశమున చిలికా తరువాత ఉప్పునీటి సరస్సులలో ఇదియే పెద్దది. దానిలో ఎక్కువ భాగము ఆంధ్రప్రదేశమునను, దక్షిణభాగము తమిళనాడునను కలదు. సముద్రమునకును సరస్సునకును నడుమ శ్రీహరికోట దీవి యున్నది. తొండియార్‌పేటవారు కొరుక్కుపేటలో సబర్బన్ రైలెక్కి, ఎన్నూరు, పొన్నేరి, గుమ్మిడిపూండి దాటి సూళ్ళూరుపేటలో దిగవచ్చును. మన పిల్లలు తమ భాష మాట్లాడు పల్లెలను, తమ భాషలో పేరున్న పక్షులను ఒక్కపూట ప్రయాణములో చూడగల చోటది. ఆ పట్టణమున రాజహంసల పేరిట 2001లో ఆరంభమైన ఫ్లెమింగో పండుగ నేటికిని ప్రసిద్ధము.

గడచిన శీతకాలమున ఒక ఆదివారమునాడు కొందరు విద్యార్థులతోడను, వారి తల్లిదండ్రులలో ఇద్దరితోడను అచ్చటికి వెళ్ళితిని. శ్రీహరికోటకు పోవు రోడ్డు సరస్సు నడుమగా సాగును. రోడ్డుప్రక్కన నిలిచి మాకున్న ఒకే దుర్భిణిని వంతులవారీగా పట్టుకొని రాజహంసలను చూచితిమి. అవి మెడలు వంచి, తలలు తలక్రిందులుగా నీటిలో ముంచి, బురదలోని సూక్ష్మజీవులను వడగట్టుకొని తినుచుండెను. పిల్లలు మాటలు మాని చూచుచుండిరి. అంతలో ఒక కారు వచ్చి ఆగెను. అందులోనుండి దిగినవారియొద్ద చాల వెలగల కటకము లుండెను. అవి చాలక వారు బురదలోనికి దిగి పక్షులవైపు నడిచిరి. రాజహంసలు తలలెత్తెను; మేత మానెను; గుంపుగూడి అవతలికి నడువసాగెను. వారిలో నొకరు గట్టిగా చప్పట్లు చరచిరి. మరుక్షణమున గుంపంతయు లేచెను. రెక్కల లోపలి ఎరుపును నలుపును ఎండలో మెరసెను. మా పిల్లలు సంతోషముతో కేకలు వేసిరి. దాచనేల, ఆ క్షణమున నేనును సంతోషించితిని.

గుంపు రెండుమారులు చుట్టుతిరిగి, కంటికి చుక్కలుగా కనబడునంత దూరమున వ్రాలెను. కారు వెళ్ళిపోయెను. అప్పుడు ఏడవ తరగతి బాలిక యొకతె నా చేయి పట్టుకొని, “సార్, అవి మేస్తా ఉండాయి గదా, మళ్ళీ ఎప్పుడు తింటాయి?” అని అడిగినది. నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఈ వ్యాసము ఆ బాలికకు నేనియ్యవలసిన సమాధానము.

మొదట ఆ సాధనమును తెలిసికొందము. మన భౌతికశాస్త్ర పుస్తకములలో కుంభాకార కటకము, పుటాకార కటకము, నాభ్యంతరము అను మాటలు కలవు. 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల చట్రముపై పటము తీయు కెమెరాకు 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకము సామాన్య కటకము. గుడ్డికొంగ పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. అది 20 మీటర్ల దూరమున నున్నచో సామాన్య కటకముచే చట్రముపై ఏర్పడు ప్రతిబింబము 1 మిల్లీమీటరునకు కొంచెము మించును. అనగా ఒక నువ్వుగింజ కంటెను చిన్నది. 500 మిల్లీమీటర్ల కటకమైనచో అదే కొంగ 11 మిల్లీమీటర్లకు పైగా, చట్రపు ఎత్తులో ఇంచుమించు సగము ఆక్రమించును. దూరము రెట్టింపైనచో ప్రతిబింబపు పొడవు సగమగును. వైశాల్యము నాలుగవ వంతగును. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూడవచ్చును.

ఒకే కుంభాకార కటకముతో 500 మిల్లీమీటర్ల నాభ్యంతరము సాధింపవలెనన్నచో కెమెరాకు అరమీటరు గొట్టము కావలసివచ్చును. ముందు కుంభాకార కటకముల సమూహమును, వెనుక పుటాకార కటకముల సమూహమును అమర్చినచో గొట్టము నాభ్యంతరముకంటె పొట్టిదగును. ఈ అమరికయే టెలిఫోటో కటకము. 1891లో ఇంగ్లాండునందు థామస్ డాల్‌మేయర్ ఇట్టి కటకమునకు పేటెంటు పొందెను. అదే కాలమున జర్మనీలో అడాల్ఫ్ మీతే కూడ దానిని రూపొందించెను. దూరపు కొండలు నునుపని మన సామెత. ఆ నునుపును తొలగించి, కొండపైనున్న గరుకును ఇల్లు కదలకుండ చూపు సాధనమిది. ఇది పుట్టినదే దూరముగా నిలుచుటకు. దీనిని చేతబట్టుకొని దగ్గరకు పరుగెత్తువాడు గొడుగు వేసికొని వానలో తలను బయట పెట్టినవానితో సమానుడు.

టెలిఫోటో కటకములు పక్షులను తీయువారికి సులభముగా లభింపని కాలమున ఏమి చేసెడివారు? ఇంగ్లాండులోని యార్క్‌షైర్ సీమకు చెందిన రిచర్డ్ కీర్టన్, చెర్రీ కీర్టన్ అను సోదరులు 1892లో గ్రుడ్లతోనున్న ఒక గూటిని పటము తీసిరి. 1895లో బ్రిటిషు పక్షుల గూళ్ళపై వారు ప్రచురించిన గ్రంథము ప్రకృతిలో తీసిన ఛాయాచిత్రములతోనే వెలువడినది. వారు పక్షులకు కనబడకుండుటకై బోలుగా చేసిన ఎద్దుతోలు బొమ్మలో దూరి గంటలకొలది నిలిచెడివారు. నేడు గూటి చిత్రములను మనము మెచ్చుకొనకపోవచ్చును. ఆ కాలమునకు ఆ జ్ఞానము లేదు. కాని తాము కనబడకుండవలెనన్న వారి పట్టుదల నేటికిని ఆదర్శమే. మన భాషలో కపటధ్యానమునకు కొంగజపమని పేరు. పక్షులను తీయువాడు మాత్రము నిజమైన కొంగజపము నేర్వవలెను. కదలకుండుట, వేచియుండుట, పక్షి తానై దగ్గరకు వచ్చినప్పుడు మాత్రమే తీయుట.

ఇక ఆ బాలిక ప్రశ్నకు వత్తును. పక్షి ఎగురుట మనకు ఆటవలె కనబడును. దానికది ఖర్చు. మేత మానుట మొదటి నష్టము; రెక్కలాడించుట రెండవ నష్టము; క్రొత్తచోట మరల మేత వెదకుట మూడవ నష్టము. పులికాటునకు శీతకాలమున వచ్చు ఉల్లంకిజాతి పక్షులలో చిన్నవి పిడికిలిలో ఇముడును. లిటిల్ స్టింట్ అనబడు దాని బరువు 20 నుండి 30 గ్రాములే. ఉత్తరధ్రువ ప్రాంతపు మంచునేలలలో పిల్లలను చేసికొని, వేల కిలోమీటర్లు ఎగిరి మన తీరమునకు చేరును. వసంతమున అంత దూరము తిరిగి పోవలెనన్నచో ఇచ్చట తిన్న తిండియే క్రొవ్వుగా మారి దారిబత్తెము కావలెను. అట్టి పక్షిని ఉదయము ఒకరు, మధ్యాహ్నము ఒకరు, సాయంకాలము ఒకరు లేపినచో దాని మూటలోని బత్తెము తరిగిపోవును. ఒక్కమారు లేపినంతమాత్రమున పక్షి చచ్చిపోవునని నేను చెప్పను. ప్రతివాడును నేనొక్కడనే గదా యనుకొనును. పక్షికి మాత్రము వచ్చినవారందరును కలిసిన మొత్తము లెక్కకు వచ్చును.

పక్షి భయపడినదని తెలియుటకు అది ఎగురువరకు ఆగనక్కరలేదు. మొదట తల ఎత్తి మనవైపు చూచును. పిదప మేత మానును. పిదప కూతవేయును, లేదా మెల్లగా ఆవలికి నడుచును. కట్టకడపట ఎగురును. తల ఎత్తినప్పుడే మనము ఆగవలెను. మేత మానినచో వెనుకకు అడుగు వేయవలెను. గుడ్డికొంగవంటి పక్షులు ఈ గురుతులను కూడ దాచుకొనును. కావున అది కదలలేదు గనుక ఇంకొక అడుగు వేయుదమనుట సరికాదు. దాని ఓర్పు మనకు ఆహ్వానము కాదు.

గూళ్ళ విషయము మరింత సున్నితమైనది. సూళ్ళూరుపేటకు చేరువలోని నేలపట్టున గూడబాతులు నీటిలో నిలిచి పెరిగిన చెట్లపై గుంపులుగా గూళ్ళు కట్టును. తీతువులు, మరికొన్ని తీరపు పక్షులు గూడన్నమాటయే లేక వట్టినేలపై గ్రుడ్లు పెట్టును. తల్లిపక్షి లేచిపోయినచో మన కోస్తా ఎండ ఆ గ్రుడ్లపై పడును. కాకి ఎచ్చటనుండియో చూచుచునే యుండును. ఇట్లు గూళ్ళను కలతపెట్టుట కేవలము అమర్యాద కాదు, నేరము కూడ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేట అను పదమునకు చెప్పిన అర్థములో అడవిపక్షుల గ్రుడ్లను పాడుచేయుటయు, గ్రుడ్లనుగాని గూళ్ళనుగాని కలతపెట్టుటయు చేరియున్నవి. తుపాకి లేకున్నను గూటిని కలతపెట్టినవాడు చట్టము దృష్టిలో వేటగాడే. అభయారణ్యములలో ఛాయాగ్రహణమునకు అనుమతి పొందవలెననియు ఆ చట్టమే చెప్పుచున్నది.

ఈ మాటలు చెప్పుటకు నాకు ఎట్టి అర్హత యున్నదని మీరడుగవచ్చును. నేనును తప్పు చేసినవాడనే. కొన్నేండ్ల క్రిందట మా ఇంటి పెరటిలోని క్రోటన్ మొక్కలో ఒక పికిలిపిట్ట గూడు కట్టినది. వీధిపిల్లలకు పాఠము చెప్పుచున్నాననుకొని ఆకులను చేతితో తొలగించి పట్టుకొంటిని. వారు సెల్‌ఫోనులతో గ్రుడ్లను పటము తీసికొనిరి. మూడవనాడు గూడు వట్టిదై యుండెను. కాకి ఎత్తుకొనిపోయినదో, తల్లి విడిచిపోయినదో నేను చూడలేదు. కాని ఆకులను తొలగించినది నా చేయియే. ఆ పటము ఇప్పటికిని నాయొద్ద ఉన్నది. దానిని ఎవ్వరికిని చూపుటకు మనసొప్పదు.

ఇక ఎదుటి పక్షమువారి మాటను గూడ న్యాయముగా వినవలెను. “పటములే లేనిచో ఈ పక్షులను ఎవరు తలతురు? తుపాకి పట్టవలసిన చేతికి కెమెరా వచ్చినందుకు సంతోషింపవలదా?” అని వారందురు. ఈ మాటలో సత్యము చాల కలదు. దానికి సాక్ష్యము మన వాకిటనే యున్నది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదలవేళ ఎన్నూరు సముద్రపుపాయలో చమురు వ్యాపించెను. కాశిమేడు మొదలు ఎన్నూరువరకు గల మన ఇరుగుపొరుగు మత్స్యకారుల వలలును, పడవలును నల్లబడిపోయెను. అప్పుడు తెల్లని గూడబాతులు చమురుతో తడిసి నిలిచియున్న చిత్రములు పత్రికలలో వచ్చెను. నీటిపై తేలు చమురు ఎంత అని చెప్పు అంకె ఏదియు కదలింపలేని హృదయములను ఆ చిత్రములు కదలించెను. ఆ పక్షులను కాపాడుటకు అటవీశాఖవారును ప్రయత్నించిరి. దూరమునుండి తీసిన పటము ఇట్టి సాక్ష్యము చెప్పగలదు. నోరులేని ప్రాణి తరఫున సాక్ష్యము చెప్పుటకంటె కెమెరాకు గొప్ప పని వేరొకటి లేదు.

కాని సాక్షి యైనవాడు తానే కీడు చేయరాదు. నేను వ్యతిరేకించునది కెమెరాను కాదు, ఆతురతను. చప్పట్లు చరచుట, రాళ్ళు రువ్వుట, పడవను గుంపులోనికి తోలించుట, సెల్‌ఫోనులో పక్షికూతను వినిపించి మోసపుచ్చి పిలుచుట, గూటి ముందరి కొమ్మను నరకుట, ఇవియన్నియు ఆ ఆతురతకు సంతానములు. ఇరువదిమంది తీసిన పటముకంటె తన పటము గొప్పగా నుండవలెనను పోటీయే వీనికి మూలము. ప్రకృతి చిత్రముల పోటీలలో గూటి చిత్రములను స్వీకరింపనివి నేడు కలవు. ఇది శుభసూచకము. బహుమతి లేనిచోట ఆతురతయు కొంత తగ్గును.

ఓర్పుగలవారు ఏమి సాధింపగలరో తెలియుటకు మన పట్టణముననే ఉదాహరణము కలదు. మా. కృష్ణన్ (1912–1996) తమిళ రచయిత అ. మాధవయ్యగారి కుమారుడు, చెన్నపట్టణమున నివసించిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు, ఛాయాగ్రాహకుడు. 1950 నుండి తుదివరకు కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతిని గూర్చి వ్రాసెను. 1960లో పద్మశ్రీ పొందెను. రంగుల ఆకర్షణకు లోబడక నలుపు తెలుపు చిత్రములనే ప్రేమించెను. ఆయన గీసెను, వ్రాసెను, తీసెను; ఈ మూడింటికిని మూలము చూపు. చూపు నేర్చినవాని చేతిలో కెమెరా సార్థకమగును. చూపు లేనివాని చేతిలో ఎంత పొడవైన కటకమైనను గుడ్డిదే.

ఆంధ్రదేశపు కలివికోడి కథయు ఇదే చెప్పును. 19వ శతాబ్దమున శాస్త్రలోకమునకు తెలిసిన ఈ రాత్రిచర పక్షి 1900 తరువాత కనబడక అంతరించినదని తలపబడెను. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయముతో కడప జిల్లాలో దానిని తిరిగి కనుగొనెను. తరువాతి పరిశోధకులు దానిని తరుముచు తిరుగలేదు. దారులలో మెత్తని మన్ను పరచి అడుగుజాడలు చూచిరి. తమంతట తామే పటము తీయు కెమెరాలను పొదల నడుమ అమర్చి వెళ్ళిపోయిరి. అంతటి దుర్లభమైన పక్షికొరకు వారు చూపిన నిగ్రహము మన కాలువగట్టు కొంగకును చెల్లును. దుర్లభమైనదానికి ఒక మర్యాద, సులభమైనదానికి ఒక మర్యాద యుండరాదు.

ఇప్పుడు తల్లిదండ్రులకు రెండు మాటలు. “అయ్యా, ఆ కటకముల వెల లక్షలలో నుండును. మేము రేవులోను, కార్ఖానాలలోను, చిన్న అంగళ్ళలోను కష్టపడువారము. ఈ గొడవ మాకేల?” అని మీరనవచ్చును. నిజమే, మన పిల్లలలో ఎవ్వరియొద్దను అట్టి కటకము లేదు. కాని ఇంటింట సెల్‌ఫోను ఉన్నది. అపాయము అచ్చటనే యున్నది. సెల్‌ఫోను సామాన్యముగా విశాలమైన దృశ్యమును తీయుటకు ఏర్పడినది. దానిలో పక్షి పెద్దదిగా కనబడవలెనన్నచో బాలుడు పక్షి దగ్గరకే పోవలెను. గోడ ఎక్కవలెను, గూటిలో చేయి పెట్టవలెను. పెద్దకటకము గలవానికంటె అది లేని మన పిల్లలే ఈ నియమమును ముందు నేర్వవలసియున్నది. మీ బిడ్డ గూటి పటమును తెచ్చి చూపినప్పుడు బాగున్నదని మెచ్చుకొనకుడు. “తల్లిపిట్ట అప్పుడెచ్చట నుండెను?” అని ఒక్క ప్రశ్న అడుగుడు. ఆ ప్రశ్నయే సగము విద్య.

మిగిలిన సగము విద్య మీ నోటనే యున్నది. పాలపిట్ట, లకుముకిపిట్ట, గిజిగాడు, పికిలిపిట్ట, తీతువు, గూడబాతు, ఈ పేర్లను మీ తల్లులును తాతలును పలికిరి. మన పిల్లలు తెలుగు చదువుచున్నను, వీధిలో తమిళము వినుచున్నను, పక్షి కనబడినప్పుడు బర్డు అని ఊరకుందురు. పేరు తెలియనిదానిని మనము ఒక గుంపులో కలిపివేయుదుము. పేరు తెలిసినదానిని విడిగా చూతుము. రాజహంస యన్నను, పూనారై యన్నను అదే పక్షి. అది ఉదయము ఆంధ్రప్రదేశపు నీటిలో మేసి సాయంకాలము తమిళనాటి నీటిలో నిద్రించును. రెండు భాషల నడుమ బ్రతుకు మన పిల్లలకు ఆ పక్షి పరాయిది కాదు. రెండు పేర్లును తెలిసిన బాలునికి ఒక పేరే తెలిసినవానికంటె ఎక్కువ చూపు కలదని నా నమ్మకము.

కావున మన పాఠశాలకు నా సూచనలు ఇవి. తరగతికొక పక్షుల నోటుపుస్తకము ఉండవలెను. అందులో తేది, వేళ, చోటు, పక్షి తెలుగుపేరు, తమిళపేరు, అది చేయుచున్న పని వ్రాయవలెను. పేరు తెలియనిచో ఇంటిలోని పెద్దలను అడిగి వ్రాయవలెను. పాఠశాల రెండు దుర్భిణులను కొనినచో నలుబదిమందికి చాలును. వానికగు వ్యయము ఒక పెద్దకటకపు వెలలో అల్పభాగము. మన పత్రికలో పక్షిచిత్రములు అచ్చువేయునప్పుడు గూటి చిత్రములను స్వీకరింపరాదు. ప్రతి చిత్రముతో పాటు, తీసిన పిదప పక్షి ఏమి చేసెనో ఒక వాక్యము వ్రాయవలెనని నియమము పెట్టవలెను. ‘మేయుచునే యుండెను’ అను వాక్యముగల చిత్రము మసకగా నున్నను ముందుపుటలో వేయుదము. ‘ఎగిరిపోయెను’ అను వాక్యముగల చిత్రము ఎంత స్పష్టముగా నున్నను తిరిగి ఇచ్చివేయుదము.

వేడంతాంగల్ గ్రామస్థులు తమ చెరువులోని కొంగలను వేటాడనీయరాదని అధికారులను కోరి 1798లోనే హామీ పొందిరని చరిత్ర చెప్పుచున్నది. వారియొద్ద కెమెరా లేదు, చట్టము లేదు. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పైరునకు బలమని వారెరుగుదురు. పక్షులను వానిమానాన విడిచిన అవి ఏటేట వచ్చునని వారెరుగుదురు. రెండువందల సంవత్సరములకు పైబడి ఆ కొంగలు వచ్చుచునే యున్నవి. దూరముగా నిలుచుట మన దేశమునకు క్రొత్త విద్య కాదు, మరచిన విద్య.

విద్యార్థులారా! రేపు ఉదయము బడికి వచ్చునప్పుడు కాలువగట్టుపై ఒక్క నిమిషము నిలువుడు. గుడ్డికొంగ అచ్చటనే యుండును. మీ సెల్‌ఫోనులో అది మట్టిచుక్కవలె పడినను పడనిండు. దాని దగ్గరకు పోవలదు. అది మెడచాచి చేపను పట్టువరకు వేచి చూచి, నోటుపుస్తకమున ఒక పంక్తి వ్రాసికొని బడికి రండు. మీరు వెళ్ళిన పిదపను అది అచ్చటనే నిలిచియున్నచో ఆనాటి పాఠము మీకు వచ్చినట్లే.